'అనుమానం' ఎవరి మీద వస్తుంది? ఇజ్రాయెల్ ముఖ్య రబ్బీలకు (యూదు మత పెద్దలకు) గుంటూరు జిల్లా నుంచి ఒక బహిరంగ లేఖ

రబ్బీ కల్మన్ బేర్ గారికి, రబ్బీ డేవిడ్ యోసెఫ్ గారికి, యెరూషలేములోని ముఖ్య రబ్బీల మండలి సభ్యులకు

నమస్కారం.

నేను యూదుణ్ణి కాను. తెనాలి పక్క పల్లెవాణ్ణి. మీ ధర్మశాస్త్రంలో వేలు పెట్టేంత చదువు నాకు లేదు. కాకపోతే ఎవరింట్లో ఎవరు మంచినీళ్లు తాగొచ్చు, గుడిలో ఎవరు ఏ మెట్టు దాకా రావచ్చు అన్న లెక్కల మధ్య పుట్టి పెరిగాను. ఆ లెక్క ఏ వేషంలో వచ్చినా పోల్చుకోగలను. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే రోడ్డు మీద చేబ్రోలు ఉంది. చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరుగా దాన్ని జనం ఎరుగుదురు. దాని దగ్గర్లోనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ సుమారు 40 కుటుంబాల వాళ్లు తాము యూదులమని చెప్పుకుంటారు. ఇజ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం తమదంటారు, తమను బెనె ఎఫ్రాయిం అని పిలుచుకుంటారు. 1990ల మొదట్లో ఒక చిన్న సమాజమందిరం కట్టుకున్నారు. సబ్బాతు (శనివారపు విశ్రాంతి) పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. సాదోక్ యాకోబి, షమూయేల్ యాకోబి అన్న అన్నదమ్ములు ఈ ఉద్యమానికి పెద్దలు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఎక్కువ మందికి బతుకుదెరువు పొలం కూలి. ఊరి లెక్కలో మాదిగలు. అంతకు ముందు తరం బాప్టిస్టు క్రైస్తవులు.

అసలు ఎఫ్రాయిము సంతతి కోస్తా ఆంధ్రకు ఎలా వచ్చింది, దానికి రుజువేమిటి అని మీరు అడుగుతారు. వాళ్లు చెప్పే కథ ప్రకారం అష్షూరు రాజులు ప్రాచీన ఇజ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని చెరపట్టినప్పుడు చెదిరిపోయిన వాళ్లే తూర్పుకు నడిచి, తరాల తరబడి దిగువకు వచ్చి, చివరికి ఇక్కడ తేలారు. ఎద్దుమాంసం తినడం, చనిపోయినవాళ్లను పాతిపెట్టడం పాత ఆచారాల ఆనవాళ్లని చూపిస్తారు. చరిత్రకారుడి ముందు ఈ వాదన నిలబడుతుందని నేను అనను. నాకైతే నమ్మకం కలగలేదు. వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్తలు దీన్ని దళితుల ఆత్మగౌరవ పోరాటాల వరసలో పెట్టి చూశారు. నాకు అది సబబుగానే అనిపిస్తుంది. అయినా ఈ ఉత్తరం వాళ్ల వంశం గురించి కాదు, ఎవరు యూదులో తేల్చే మీ పద్ధతి గురించి.

రబ్బీ డేవిడ్ యోసెఫ్ గారూ, ఇక్కడ మీ ఇంటి సంగతే చెప్పాలి. 1973లో మీ నాన్నగారు ఒవాడియా యోసెఫ్, ఇథియోపియాలోని బేత ఇజ్రాయెల్ ప్రజలు యూదులేనని తీర్పు ఇచ్చారు. వాళ్లు దాను గోత్రం వాళ్లని 16వ శతాబ్దపు రబ్బీ డేవిడ్ బెన్ జిమ్రా రాసిన మాటను ఆధారం చేసుకున్నారు. నాలుగు వందల ఏళ్ల నాటి ఒక పండితుడి మాటను నమ్మి ఒక జనాన్ని లోపలికి పిలిచిన ఆ తీర్పంటే నాకు ఎంతో గౌరవం. రెండేళ్లకే ప్రభుత్వం, యూదులెవరైనా ఇజ్రాయెల్ వచ్చి స్థిరపడొచ్చనే 'తిరిగివచ్చే హక్కు' చట్టాన్ని వాళ్లకు వర్తింపజేసింది. 1991 మేలో అడిస్ అబాబా నుంచి 36 గంటల్లో 14 వేల మందికి పైగా విమానాల్లో దిగారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది.

ఫొటోల తర్వాత ఏం జరిగిందో ఇక్కడ చాలామందికి తెలియదు. యూదులేనని తేల్చిన ఆ ఇథియోపియా వాళ్లనే, 1985లో, పెళ్లి చేసుకోవాలంటే ముందు మత మార్పిడికి మునిగినట్టు నీళ్లలో మునగమన్నారు. 'మునిగితే ఇన్నాళ్లూ మేం యూదులం కామని మేమే ఒప్పుకున్నట్టు కదా' అని వాళ్లు మీ మండలి కార్యాలయం ఎదుట నెల రోజుల దాకా కూర్చున్నారు. 1996 జనవరిలో ఇంకొకటి బయటపడింది. ఇథియోపియా యూదులు రక్తదానం చేస్తే తీసుకుని, థాంక్స్ చెప్పి పంపి, ఎయిడ్స్ భయంతో ఆ రక్తాన్ని చెప్పకుండా పారబోస్తున్నారట. వేలాది మంది ప్రధానమంత్రి కార్యాలయం మీదికి వెళ్లారు, పోలీసులతో తోపులాటలయ్యాయి. రక్తం వద్దని ముఖం మీద చెప్పినా అంత బాధ ఉండేది కాదేమో.

2018 నాటిది మరీ దగ్గరగా తగిలింది. కోషర్ అనే మీ ఆహార నియమాల ప్రకారం యూదుడు కానివాడు ముట్టుకున్న ద్రాక్షసారా, కాచనిదైతే, పనికిరాదు. మీ దేశంలో పేరున్న ఒక వైన్ కంపెనీ ఇథియోపియా యూదులైన పనివాళ్లను సారా ముట్టుకునే పనుల నుంచి తప్పించింది. కోషర్ ముద్ర వేసే ఒక కఠిన వర్గం వాళ్ల యూదత్వం అనుమానమని చెప్పడమే కారణం. వాళ్లు సైన్యంలో పనిచేసిన వాళ్లు కావచ్చు, సబ్బాతు తప్పని వాళ్లు కావచ్చు. చెయ్యి తగిలితే మాత్రం పీపా మైలపడుతుంది. ఈ వార్త చదివిన తెలుగువాడికి ఎవరూ వివరణ ఇవ్వనక్కర్లేదు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లు ఇంకా మా మధ్యే బతికి ఉన్నారు.

రబ్బీ డేవిడ్ యోసెఫ్ గారూ, అప్పుడు ముఖ్య రబ్బీగా ఉన్న మీ అన్నగారు యిత్జాక్ యోసెఫ్ దీన్ని జాత్యహంకారమని గట్టిగా ఖండించారు. కంపెనీ వెనక్కి తగ్గింది. సంతోషం. కానీ అదే ఏడాది మార్చిలో అదే పెద్దమనిషి ఒక ప్రసంగంలో నల్లజాతి మనిషిని కోతితో పోల్చి మాట్లాడారు. ప్రాచీన యూదు ధర్మచర్చల గ్రంథం తాల్ముదులో ఉన్న ఉదాహరణే చెప్పారని ఆయన కార్యాలయం సర్ది చెప్పుకుంది. ఒకే నోట రెండు మాటలూ ఎలా వచ్చాయని ఇక్కడ మాకు ఆశ్చర్యం లేదు. వేదిక మీద అంటరానితనం పాపమని చెప్పి, ఇంటికెళ్లి సంబంధం దగ్గర కులం చూసుకునే వాళ్లు మా దగ్గరా బోలెడు మంది. చివరికి 2020 జనవరిలో, 1973 నాటి తీర్పే మండలి తీర్పు అని మీరు ప్రకటించారు. తండ్రి మాటను మండలి మాటగా చేయడానికి సుమారు 47 ఏళ్లు పట్టింది.

మా దేశపు యూదులకు ఈ చరిత్ర ఇంకా పాతది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వాళ్లు తరతరాలుగా నూనె గానుగ ఆడించేవాళ్లు. శనివారం గానుగ కట్టరు కాబట్టి చుట్టుపక్కల ఊళ్లు వాళ్లను 'శనివార్ తేలీ'లని పిలిచాయి. మీ దేశం ఏర్పడగానే ఆశగా వెళ్లారు. వివక్ష భరించలేక ధర్నాలు చేసి, 1952లో ఒక గుంపు తిరిగి ఇండియాకు వచ్చేసింది. 1962లో అప్పటి ముఖ్య రబ్బీ యిత్జాక్ నిస్సిం కింద ఒక ఆదేశం వెలువడింది. బెనె ఇజ్రాయెల్ వాళ్లెవరైనా పెళ్లికి దరఖాస్తు పెడితే, రిజిస్ట్రారు వాళ్ల తల్లి, అమ్మమ్మ, ఆ పైన వీలైనంత దూరం వంశం ఆరా తీయాలి. పోలండు నుంచి వచ్చినవాడికి ఈ ఆరా లేదు. 1964లో వాళ్లు యెరూషలేములో సమ్మెకు కూర్చున్నారు. వేసవి సెలవుల్లో ఉన్న పార్లమెంటు ఆగస్టులో ప్రత్యేకంగా కూర్చుని, వాళ్లు అన్నివిధాలా యూదులేనని, ఏ తేడా లేదని ప్రకటించాల్సి వచ్చింది.

ఆ తర్వాత మండలి చేసిన పనిని మాత్రం నేను మర్చిపోలేను. ఆదేశంలోంచి 'బెనె ఇజ్రాయెల్' అన్న పేరు కొట్టేసి, ఆ స్థానంలో 'ఎవరి కుటుంబ స్థితి మీద అనుమానం ఉంటే వారు' అని పెట్టారు. కాగితం మీద ఎవరినీ వేలెత్తి చూపనట్టే ఉంటుంది. అనుమానం రావాల్సింది మాత్రం ఎదురుగా కూర్చున్న గుమాస్తాకి. నల్లగా ఉండి, హీబ్రూ మరాఠీ యాసలో మాట్లాడేవాడు కుర్చీ ముందుకొస్తే ఏం చూసి వస్తుంది అనుమానం? ఈ అరవై ఏళ్లలో మీరు చాలా తీర్పులిచ్చారు గానీ ఆ మాట వెనకున్న గుమాస్తా చూపు మారిందో లేదో ఎవరూ పరీక్షించలేదు.

ఇదంతా యూరప్ వాళ్లు నేర్పిన పాఠమేనని మా వాళ్లు చేతులు దులుపుకోవడానికీ లేదు. బెనె ఇజ్రాయెల్ వాళ్లలోనే 'గోరా', 'కాలా' అని రెండు తెగలుండేవి, తెల్లవాళ్లు నల్లవాళ్లతో వియ్యమందేవాళ్లు కాదు. కొచ్చిలో 1568 నాటి పరదేశి సమాజమందిరం చూడటానికి ఇప్పటికీ బస్సుల్లో వెళ్తారు. చైనా నుంచి తెచ్చిన నీలిరంగు పలకలు, బెల్జియం దీపాలు చూసి మురిసిపోతారు. దాసీల సంతతిగా లెక్కగట్టిన 'విముక్తులు' అనే యూదులను ఆ లోపల బల్లల మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదని టికెట్ దగ్గర ఎవరూ చెప్పరు. నేల మీదో, బయటి గదిలోనో కూర్చుని ప్రార్థన వినాలి. వాళ్లలో పుట్టిన ఎ.బి. సేలం లాయరయ్యాడు, కొచ్చి శాసనమండలికి వెళ్లాడు, గాంధీ పద్ధతి పట్టుకుని సొంత సమాజమందిరంలోనే సత్యాగ్రహం చేశాడు. 'యూదు గాంధీ' అన్నారు ఆయన్ని. 1950లో ఆయన కొడుకు తెల్ల యూదుల పిల్లను చేసుకోవాలంటే కొచ్చిలో కుదరక బొంబాయి వెళ్లాల్సి వచ్చింది. దేవుడు ఒక్కడే, ధర్మగ్రంథమైన తోరా ఒక్కటే, ఊరూ ఒక్కటే. కేరళ గాలి మహిమో ఏమో, కులం అక్కడా ఒక మూల చూసుకుని కూర్చుంది.

కొచ్చి యూదులు ఇజ్రాయెల్ వెళ్తామన్నప్పుడు కూడా ముందు ఆపింది బోదకాలు. కొందరికి బోదకాలు ఉందని, అది మీ దేశంలో పాకుతుందని అధికారులు భయపడి వలసను ఏళ్ల తరబడి వాయిదా వేశారు. ఇది మీ మండలి పని కాదు, ఆరోగ్య శాఖ పని. కానీ వరస చూడండి. ఒకరికి రక్తం, ఒకరికి కాలు, ఒకరికి చెయ్యి. మొదట ఒళ్లు, తర్వాతే మనిషి.

ఇప్పుడు కొత్తరెడ్డిపాలెం సంగతి. వాళ్ల గురించి మాట్లాడినప్పుడల్లా ఒకే మాట వినిపిస్తుంది: పేదవాళ్లు, కూలీలు, మీ దేశం వెళ్లి బాగుపడదామని యూదులయ్యారు అని. సరే, అనుకుందాం. 1989 తర్వాత పాత సోవియట్ దేశాల నుంచి మీకు పది లక్షల మంది దాకా వచ్చారు. తిరిగివచ్చే హక్కు చట్టానికి 1970లో చేసిన సవరణ ప్రకారం తాతల్లో నానమ్మల్లో ఒక్కరు యూదులైతే చాలు, భార్యాభర్తలకూ హక్కే. వచ్చినవాళ్లలో లక్షల మంది హలాఖా (యూదు ధర్మశాస్త్రం) ప్రకారం యూదులు కారని మీ రబ్బీలే చెబుతారు. వాళ్లలో మాస్కో కొట్లలో ఖాళీ అరలు చూసి బయల్దేరిన వాళ్లు లేరా? ఉన్నారు, ఉండటం తప్పూ కాదు. వాళ్లను విమానం దిగాక పరీక్షించారు, వీళ్లను పల్లెలోనే ఆపి పరీక్షిస్తున్నారు. బతుకుదెరువు ఆశ తెల్లవాడికుంటే వలస, నల్లవాడికుంటే మోసం.

ఇంకో చిక్కు మీకు తెలిసి ఉండదు, అది మా చట్టంలోది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులంగా లెక్క. మాదిగవాడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వెళ్తాడు. యూదుడైతే? ఆ గడే లేదు. కాబట్టి ఏ పేదవాడైనా పిల్లల చదువు, ఉద్యోగం చూసుకోవాలంటే కులధ్రువీకరణ పత్రంలో పాత మతాన్నే ఉంచుకోవాలన్న ఒత్తిడి ఉంటుంది. రేపు మీ అధికారి వచ్చి 'యూదులమంటున్నారు, మీ సర్కారు కాగితంలో హిందువని ఉందేం?' అని అడిగితే వాళ్లేం చెప్పాలి? ఇక్కడ అన్నం పెట్టే కాగితమే అక్కడ సాక్ష్యంగా ఎదురు తిరుగుతుంది. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి. మా తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ నలభై ఇళ్ల కోసం ఫైలు కదపాలన్న ఆలోచన చేసినట్టు నాకు కనిపించలేదు. అది ఇంకో ఉత్తరానికి సరిపడా సంగతి, విజయవాడకు వేరుగా రాస్తాను.

వీళ్లను యూదులుగా ఎవరూ గుర్తించలేదనడం కూడా పూర్తి నిజం కాదు. 2004లో లష్కరే తోయిబాతో సంబంధమున్న వాళ్లని పట్టుకున్నప్పుడు, గుంటూరు జిల్లా యూదులు వాళ్ల గురిలో ఉన్నారని పోలీసులు చెప్పారు. చంపాలనుకున్నవాడు వంశవృక్షం అడగలేదు.

పౌరసత్వం ఇచ్చేది మేం కాదు, అంతర్గత వ్యవహారాల శాఖ అని మీరు అనొచ్చు. నిజమే. అయితే ప్రతిసారీ ముందు మీ మాట, ఆ తర్వాతే వాళ్ల ముద్ర. మణిపూర్, మిజోరంలలోని బ్నెయి మెనషె వాళ్లను 2005లో మీ ముఖ్య రబ్బీ ష్లోమో అమార్ ఇజ్రాయేలు సంతతిగా ఒప్పుకుని, పూర్తి మత ప్రవేశం చేయించుకోమన్నారు. రబ్బీల న్యాయస్థానం మిజోరం దాకా వచ్చింది. మా ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో అది ఆగింది గానీ, తర్వాత దారులు దొరికాయి. 2025 నవంబరులో మీ ప్రభుత్వం 2030 లోపు మరో 5,800 మందిని తీసుకురావాలని తీర్మానించింది. మీ దేశపు ఉత్తరాన ఖాళీగా ఉన్న పట్టణాల్లో మనుషులు కావలసి వచ్చినప్పుడు తలుపు ఇంత విశాలంగా తెరుచుకుంటుందా అని నాలాంటి వాడికి ఒక సందేహం. ఆ సందేహం పక్కన పెట్టినా, మిజోరం రాజధాని ఐజ్వాల్ దాకా రాగలిగిన న్యాయస్థానానికి చేబ్రోలు దూరమేం కాదు.

ఈ ప్రశ్న ఒక్క ఇజ్రాయెల్‌దీ కాదు, మా పల్లెదీ కాదు. అమెరికాలో ప్యూ సంస్థ 2020లో చేసిన సర్వేలో యూదుల్లో 8 శాతం మంది తాము తెల్లవాళ్లం కామన్నారు, ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో ఆ లెక్క 15 శాతం. కొరియా తల్లికి పుట్టిన ఏంజెలా బుక్‌డాల్ 2014 నుంచి న్యూయార్క్‌లోని సెంట్రల్ సినగాగ్‌కు ప్రధాన రబ్బీ. ఉగాండాలో 1919లో సెమెయి కకుంగులు మొదలుపెట్టిన అబయుదయా సమాజం ఇదీ అమీన్ నిషేధాన్ని తట్టుకుని బతికింది, వాళ్ల గెర్షోమ్ సిజోము 2008లో రబ్బీ అయ్యాడు. మీ మండలి వాళ్ల శాఖలను ఒప్పుకోదని తెలుసు. ఆ తగువులోకి నేను రాను. కానీ రేపటి యూదుల ముఖాలు ఎలా ఉండబోతున్నాయో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు, కళ్లు చాలు.

వారాల పండుగకు మీరు రూతు కథ చదువుతారు. మా పల్లెల్లో క్రైస్తవుల ఇళ్లలో అది నోటికొచ్చిన కథ. అన్యదేశపు విధవరాలు, పరాయి పొలంలో పరిగె ఏరుకుంటోంది. పరిగె ఏరుకోవడమంటే ఏమిటో కొత్తరెడ్డిపాలెం వాళ్లకు ఏ వ్యాఖ్యాతా చెప్పక్కర్లేదు. బోయజు కూడా మొదట అడిగింది మీ ప్రశ్నే: ఈ చిన్నది ఎవరిది? పనివాడు మోయాబు నుంచి వచ్చిందని చెప్పాడు. బోయజు ఆ పూటే తేల్చేశాడు. వేరే పొలానికి పోవద్దన్నాడు, దాహమైతే తన పనివాళ్లు చేదిన నీళ్ల కుండల దగ్గరికి వెళ్లి తాగమన్నాడు. పండితులు ఈ కథలో దావీదు వంశం చూస్తారు. మా వైపు వాళ్ల కన్ను ఆ కుండ దగ్గరే ఆగిపోతుంది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. బెనె ఎఫ్రాయిం వాళ్లు గోత్రం వల్ల యూదులని ప్రకటించమని అడగడం లేదు. ఒప్పుకోలేమంటే ఆ మాట కారణాలతో రాసి పంపండి. మత ప్రవేశమే దారి అంటే, ఏం నేర్వాలి, ఎన్నేళ్లు, ఎవరు పరీక్షిస్తారు, ఫలితం ఎప్పుడు చెబుతారు అన్నవి తేదీలతో చెప్పండి. నేర్పడానికి ఒక మనిషిని పంపండి. న్యూజెర్సీలో తెలుగువాణ్ణి పెళ్లాడిన యూదు అమ్మాయి ఇంటివాళ్లను మీ గుమాస్తా ఏం అడుగుతాడో, పొలం నుంచి వచ్చిన యూదు కూలివాణ్ణీ అదే అడగాలి, ఒక్క ప్రశ్న ఎక్కువ ఉండకూడదు. ఆ ప్రశ్నల జాబితా గోడకు అంటించండి. 1964లో రాసిన 'అనుమానం' అన్న మాట ఏ ఆదేశంలో ఇంకా మిగిలి ఉన్నా, ఏం చూసి అనుమానించాలో పక్కనే రాయండి. రాయలేకపోతే కొట్టేయండి.

ఇన్నేళ్లుగా వాళ్లకు 'అవును' రాలేదు, 'కాదు' కూడా రాలేదు. వచ్చేది సందర్శకులు, ఫొటోలు, పరిశోధకుల ప్రశ్నపత్రాలు. ఆ లోగా మందిరం కట్టినప్పుడు పుట్టిన పిల్లలకే పిల్లలు పుట్టారు.

జవాబు తెలుగులో రాయలేమని ఆగకండి. హీబ్రూలోనే రాయండి. కొత్తరెడ్డిపాలెంలో చదువుకుంటారు.

ఇట్లు,
తెనాలి తాలూకా పాఠకుడు